కూర్చున్న చోట నడిచిన అడుగులు

మొదట దారం కనిపించడం మానేసింది.

బీడీకి చుట్టే సన్న దారం. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న చేతికి కంటితో అవసరం తక్కువ, అందుకే కొన్నాళ్లు నాకు కూడా తెలియలేదు. కార్ఖానాలో బీడీలు ఏరే మనిషి ఒకరోజు నావి గుప్పెడు పక్కకు తోసి, "ఏందక్కా, ముడి పడకముందే ఇడిసిపెడ్తున్నవ్?" అన్నాడు. పెళ్లైన కొత్తలో తప్ప నా బీడీ ఎప్పుడూ వెనక్కి రాలేదు. ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాను. తారీఖు అంకెలు కనిపించాయి. వాటి కింద తిథి, నక్షత్రం రాసే చిన్న అక్షరాలు చీమల బారులా ఉన్నాయి తప్ప అక్షరాల్లా లేవు.

నాకు చూపున్నది కుడి కంటికే. ఎడమది చిన్నప్పుడు తట్టు పోసినప్పుడే పోయింది. దానితో వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. కాబట్టి కుడి కన్ను మసకబారితే నాకు ఇంకేమీ మిగలదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. క్యాలెండర్ ముందే నాలో నేను అనుకుని, బియ్యం కడగడానికి వెళ్లిపోయాను.

మాది బోధన్. ఉగాది వెళ్లిన వారం మా అమ్మాయి మౌనిక నన్ను నిజామాబాద్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె చాలాసేపు చూసి, "శుక్లం బాగా ముదిరిందమ్మా. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. కాని షుగర్ ఇంత ఉంటే నేను చేయను. ముందు అది దించుకుని రండి. మరీ ఆలస్యం చేయకండి" అంది. దించుకోవాలట, ఆలస్యం చేయకూడదట. ఆరేళ్లుగా దిగని షుగర్ ఇప్పుడు తొందరగా ఎలా దిగుతుందో మాత్రం ఆమె చెప్పలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా చెరుకు తోటలు ఎంత దూరం వరకు కనిపిస్తున్నాయో కొలుచుకుంటూ వచ్చాను.

మౌనిక నిజామాబాద్‌లో బండ్ల షోరూంలో కంప్యూటర్ పని చేస్తుంది. అక్కడే హాస్టల్‌లో ఉండి ఆదివారాలు ఇంటికి వస్తుంది. దాన్ని నేను ఏనాడూ ఆకు తట్ట దగ్గరికి రానివ్వలేదు. చిన్నప్పుడు ఆడుకోవడానికి తునికాకు పట్టుకున్నా చేతి మీద ఒకటి వేసేదాన్ని. ఆ చేతులు రాసుకోవడానికే ఉండాలని నా పంతం. నా పంతం నెగ్గింది. కానీ నేను రోజంతా ఏం చేస్తానో నా బిడ్డకు సరిగా తెలియకుండా కూడా పోయింది. అది తర్వాత అర్థమైంది.

తర్వాతి ఆదివారం మౌనిక నల్ల రబ్బరు పట్టీ ఉన్న వాచీ తెచ్చింది.

"గిది నువ్వెంత నడుస్తున్నవో జెప్తదమ్మా. ఎక్కువ నడిసిన రోజు కొంచెం ఎక్కువ తినచ్చు. తక్కువ నడిసిన రోజు తక్కువ తినాలె. ఎంత తినాల్నో క్యాలరీల లెక్క అదే మార్సుకుంటది."

"నాకెందుకే గివన్ని? నా కడుపు నాకు జెప్పదా?"

"నీ కడుపు జెప్పినట్టు ఇన్నందుకే గిట్లయింది."

మా ఆయన రాజేశం రైస్ మిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటూ గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గాని చేయి చాపాను. బీడీలు చుట్టేటప్పుడు అడ్డం వస్తాయని నా కుడి చేతికి గాజులు తక్కువ వేసుకుంటాను. ఆ ఖాళీ చూసి మౌనిక వాచీని కుడి చేతికే కట్టింది. తన పాత ఫోన్ ఒకటి నా దగ్గర పెట్టి, లెక్కంతా తన ఫోన్‌లో కనిపించేలా చేసుకుంది. నేను తిన్నది ఫోన్ చేసి చెబితే అది ఎక్కించుకుంటుంది. ఫోన్‌లోని ఆ లెక్కల పుస్తకానికి పిజ్జా తెలుసు, సర్వపిండి తెలియదు. దాన్ని ఏ పేరుతో రాసిందో దేవుడికే ఎరుక.

ఎండలు ముదిరాయి. పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచి వచ్చి, వంట చేసి, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం దాకా అదే. ఆకు కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, దారం తిప్పి ముడి వేయడం. మధ్యాహ్నమయ్యేసరికి వాచీ గుర్రుమనేది. మొదటిరోజు ఫోన్ వచ్చిందనుకుని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "హలో" అన్నాను కూడా. అది అడుగులు పూర్తయ్యాయని చెప్పే గుర్తని మౌనిక చెప్పింది. నేను నడిచింది పొద్దున కదా, మధ్యాహ్నం ఎందుకు చెబుతోంది? ఏమో, ఆఫీసుల్లో లాగా లెక్క చూసుకుని తీరిగ్గా చెబుతుందేమో అనుకున్నాను. దాని మీది అంకెలు చదవగలిగే కన్ను ఉంటే ఆ రోజే విషయం తేలిపోయేది.

సాయంత్రం మౌనిక ఫోన్ చేసేది. "అమ్మా, పద్నాలుగు వేలు! మా షోరూంల ఎవ్వరు నీ అంత నడుస్తలేరు. లెక్క ప్రకారం ఇంకా నాలుగు వందల క్యాలరీలు మిగిలినయ్. ఇంకో రెండు రొట్టెలు తిను. తక్కువ తిని షుగర్ ఇంజెక్షన్ తీసుకుంటే కండ్లు తిరుగుతయ్."

తిన్నాను. అబద్ధమెందుకు, సంతోషంగా తిన్నాను. షుగర్ వచ్చినప్పటి నుంచి నా కంచంలోకి తొంగి చూడని మనిషి లేడు. ఆరేళ్ల తర్వాత ఒకరు నన్ను తినమన్నారు. జొన్న రొట్టె మీద వెల్లుల్లి కారం వేసుకుని, నా బిడ్డ పెడుతున్న అన్నమే ఇది అనుకుంటూ తిన్నాను.

క్యాలెండర్ మాత్రం సంతోషపడనివ్వలేదు. రోజూ నిద్ర లేవగానే దాని ముందుకు వెళ్లడం అలవాటైపోయింది. మృగశిర వచ్చేసరికి అంకెల అంచులు కరిగిపోయాయి. ఆదివారాలు ఎర్రగా ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుని మిగతావి లెక్కబెట్టేదాన్ని. బియ్యంలో రాళ్లు ఏరడం మా ఆయనకు అప్పగించాను. ఎందుకని అడిగితే నడుం నొప్పి అన్నాను. ఆయనకు తెలిసే ఉంటుంది. ఇద్దరం ఒకరికొకరం తెలియనట్టు ఉండిపోయాం.

వానలు మొదలయ్యాక పరీక్ష చేయించడానికి నిజామాబాద్ వెళ్లాం. మూడు నెలల షుగర్ సరాసరి చెప్పే పరీక్ష అది. కాగితం వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. మౌనిక ధీమాగా ఉంది, ఫోన్‌లో నా అడుగుల పట్టికలన్నీ డాక్టర్‌కు చూపించడానికి సిద్ధంగా పెట్టుకుంది. షుగర్ డాక్టర్ కాగితం చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. దిగలేదు. పెరిగింది.

"ఇంత నడుస్తున్నారు, లెక్క ప్రకారమే తింటున్నారు. అయినా పెరిగిందంటే..." కళ్లజోడు తీసి నా వైపు తిరిగాడు. "అమ్మా, నిజం చెప్పండి. బయట ఏమైనా తింటున్నారా?"

"లేదు సార్."

ఆయన తలూపి ఇంజెక్షన్ మోతాదు పెంచి రాశాడు. ఆయన తప్పేమీ లేదు, ముందు పెట్టిన లెక్క అలా ఉంది. బోధన్ బస్టాండులో దిగాక మౌనిక అక్కడే నిలబడి అంది.

"ఎవరికి తెల్వకుండ తింటున్నవమ్మా? నేను గింత తిప్పల వడ్తుంటే... నీ కన్ను నీకు అక్కెర లేదా?"

"నేనేం తింటలేనే. నీ మీద ఒట్టు."

"ఒట్లు వెట్టకు. వాచీ అబద్ధం జెప్పది."

"అంటే నేను జెప్తన్ననా?"

అది జవాబు ఇవ్వలేదు. ఆ జవాబు రాకపోవడం నాకు రోగం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంటికొచ్చాక మా ఆయన బెల్లం డబ్బా తీసి అటక మీద పెట్టాడు. ఆ రాత్రి నుంచి నా మీద నాకే అనుమానం మొదలైంది. తెలియకుండా ఏమైనా నోట్లో వేసుకుంటున్నానా? చాయ్‌లో చక్కెర ఎప్పుడో మానేశాను, ఇప్పుడు చాయే మానేశాను.

బోనాల నెలలో కార్ఖానాకు ఆకు రావడం ఆగిపోయింది. గోదాంలో వాన నీళ్లు పడి ఆకంతా బూజు పట్టిందన్నారు. వారం దాటినా చేట గోడకు ఆనించే ఉంది. నేను మాత్రం కట్ట దాకా నడక మానలేదు, పైగా చేతుల్లో పని లేదు కాబట్టి సాయంత్రం కూడా వెళ్లొచ్చాను. ఆకు ఆగిన మూడో రోజు మౌనిక ఫోన్.

"నడుసుడు ఎందుకు బంద్ వెట్టినవ్? నాలుగు వేలు గూడ దాటుతలేవు."

"నడుస్తనే ఉన్ననే. ముందటి కంటె ఎక్కువనే నడుస్తున్న."

"మళ్ల షురూ జేసినవా? లెక్క మొత్తం కిందికి వడ్డది. నడువకపోతె తిండి తగ్గించాలె, గంతే. ఒక్కటే రొట్టె."

సరే అన్నాను. అందులో భయం ఎంతో మొండితనమూ అంతే ఉంది. ఈసారి ఒక్క ముద్ద ఎక్కువ తినకుండా చూపిస్తాను, అప్పుడేమంటారో చూస్తాను అనుకున్నాను. మధ్యాహ్నం ఒక రొట్టె, సాయంత్రం సగం. ఇంజెక్షన్ మాత్రం డాక్టర్ పెంచి రాసినంత. తిండి తగ్గించింది వాచీ, మందు పెంచింది డాక్టర్. ఈ రెండింటి నడుమ నేనున్నానని నాకూ తోచలేదు, ఇంకెవరికీ తోచలేదు.

అలా నాలుగు రోజులు గడిచాక, ఒక పొద్దున ఆకు వచ్చిందేమో కనుక్కుందామని కార్ఖానాకు బయలుదేరాను. దారిలో ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. రోడ్డు ఒక పక్కకు ఒరిగినట్టయింది. కన్ను పోయింది అనుకున్నాను, ప్రాణం గురించి అనుకోలేదు. ఎవరో నా జబ్బ పట్టుకున్నారు.

"ఏమైందే బిడ్డా? గిట్ల చెమటలేంది?"

ఖాజాబీ అక్క. అరవై దాటిన మనిషి, మా కార్ఖానాకే బీడీలు చుడుతుంది. ఆమెకూ షుగర్ ఉంది కాబట్టి నా చేతులు చూడగానే తెలుసుకుంది. నన్ను ఎదురుగా ఉన్న చెరుకు రసం బండి దగ్గరికి లాక్కుపోయింది.

"అరె, జల్దీ ఒక గిలాస రసం పొయ్యి! షుగర్ వడిపోయింది!"

"షుగర్ ఉన్నామెకు రసమా అమ్మా? ఏమన్నయితే?"

"పొయ్యమంటున్న గదా! పొయ్యకపోతెనే అయితది!"

గ్లాసు ఆమే నా నోటికి అందించింది. కొంత గొంతులోకి పోయింది, కొంత చీర మీద పోయింది. కాసేపటికి రోడ్డు నేల మీదికి వచ్చింది. ఖాజాబీ అక్క కొంగుతో నా మెడ తుడుస్తూ, ఉర్దూలో ఏదో దువా చదువుతోంది. ఆమె కబురు పెడితే మా ఆయన మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చాడు. బోధన్‌లోనే చూపించి, అదే రోజు ముగ్గురం నిజామాబాద్ షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మీరెందుకక్కా, ఇంటికి వెళ్లండి అంటే ఖాజాబీ అక్క వినలేదు. "ఆకు లేదు, తంబాకు లేదు, ఇంట్ల కూసుండి ఏం జేస్త?" అంది.

డాక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. వరుసగా కుర్చీలు, పైన తిరిగీ తిరగని ఫ్యాను, టోకెన్ నంబరు పిలిచినప్పుడల్లా అందరి తలలూ ఒక్కసారి లేచి దిగుతున్నాయి. మౌనికకు ఏమని చెప్పాలో నాకు తోచడం లేదు. అది వస్తోందని మా ఆయన చెప్పాడు. వచ్చి మళ్లీ ఏమంటుందో, డాక్టర్ ఏమంటాడో, ఇంక ఆపరేషన్ ఏ జన్మకో. తల వంచుకుని కూర్చున్నాను. భయం వేసినప్పుడు నా వేళ్లు ఊరుకోవు. ఆకు లేకపోయినా, తంబాకు లేకపోయినా చుడుతూనే ఉంటాయి. ఇది బీడీలు చేసే ఆడవాళ్లందరికీ ఉండేదే. పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సుల్లో చూడండి, మా చేతులు ఒళ్లో ఖాళీ బీడీలు చుడుతుంటాయి.

వాచీ గుర్రుమంది.

"ఫోనా?" అంది ఖాజాబీ అక్క.

"కాదక్కా. ఇన్ని అడుగులు నడిసిన అని చెప్తది."

ఆమె నా ముఖం చూసింది, చేయి చూసింది. "ఎప్పుడు నడిసినవే? రెండు గంటల సంది నా పక్కకే కూసున్నవు గదా. నడుస్తున్నయి నీ చేతులు!"

అని నవ్వబోయి ఆగింది. నేను కూడా ఆగిపోయాను. మా ఆయనను పిలిచి వాచీ మీది అంకె చదవమన్నాను. చదివాడు. పది ఖాళీ బీడీలు చుట్టి, దారం తిప్పి, మళ్లీ చదవమన్నాను. నలభై పెరిగింది. మరో పది చుట్టాను. మళ్లీ పెరిగింది. ముగ్గురం ఆ వాచీని తేలును చూసినట్టు చూశాం. ఎండాకాలమంతా నేను రోజూ నడిచిన పద్నాలుగు వేల అడుగులూ, వాటికి ప్రతిఫలంగా తిన్న రొట్టెలూ, వాటి మీద పెరిగిన షుగరూ, దాని మీద పెరిగిన మందూ ఒక్కొక్కటే వరుసగా గుర్తుకొచ్చాయి. ఆకు ఆగిన వారం నా చేతులు ఆగాయి. చేతులు ఆగితే నేను నడవడం లేదని ఆ వాచీ అనుకుంది.

అంతలో మౌనిక వచ్చింది. పరుగున రావడంతో జడ ఊడిపోయి ఉంది. "నేను చెప్పిన గదా అమ్మా..." అని మొదలుపెట్టింది.

"జెర ఆగు బిడ్డా," అన్నాడు మా ఆయన. "అమ్మ చేయి సూడు. నీ ఫోన్ల ఏమొస్తున్నదో సూడు."

నేను ఖాళీ చేతులతో చుట్టాను. అది ఫోన్ చూస్తూ, నా వేళ్లు చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత కుర్చీ ఉండగా కింద నేల మీద కూలబడి నా మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"నిన్ను దొంగను జేసిన గదనే అమ్మా."

నాకు దాని మీద కోపం లేదని చెప్పను. ఉంది. బస్టాండులో అది ఇవ్వని జవాబు ఇంకా లోపల ఉంది. కానీ దాని వెన్ను నా చేతి కింద వణుకుతుంటే ఆ కోపాన్ని బయటికి తీయడం నా వల్ల కాలేదు. ఖాజాబీ అక్క సంచిలోంచి సీసా తీసి దానికి నీళ్లు తాగించింది.

డాక్టర్ నాతో మూడుసార్లు చుట్టించి చూశాడు. పెన్ను పక్కన పెట్టి, "మీరు ఏం పని చేస్తారో నేను అడగలేదు" అన్నాడు. మందు తగ్గించాడు. నడిచేటప్పుడే వాచీ పెట్టుకోండి, చేట ముందుకు రాగానే తీసేయండి అన్నాడు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పిల్లలు ఇలాంటి వాచీ కొనిపెట్టి ఉంటే, నేను చెప్పేదీ అదే. మీ చేతులు రోజంతా ఏం పని చేస్తాయో ముందు డాక్టర్‌కు చెప్పండి. చేతి పనులు మనవి ఎన్నో ఉన్నాయి, అన్నీ వాచీకి తెలియవు. ఒంట్లో తేడా చేస్తే, లెక్క ఏం చెప్పినా ఒంటి మాటే నమ్మండి.

ఆ తర్వాతి ఆదివారం మౌనిక తనంతట తానే నా పక్కన కూర్చుని ఆకు తీసుకుంది. ఈసారి నేను చేతి మీద కొట్టలేదు. గంటసేపటికి ఆరు బీడీలు చుట్టింది, ఆరూ విడిపోయాయి. "నడుం విరుగుతున్నదే అమ్మా. నువ్వు కూసుండి చేసే పని అనుకున్న ఇన్ని రోజులు," అంది. అడుగుల లెక్క కొత్తగా మొదలుపెట్టింది. నిజంగా నడిచినవి నాలుగు వేలు, రొట్టెలు రెండు, అంతే. ఆకలేసేది. ఆ ఆకలితో పాటు భయం కూడా కడుపులోనే కూర్చునేది. బతుకమ్మ నాటికి క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు కూడా పోయి గోడ మీద ఒక తెల్ల ముక్క మిగిలింది. పూలు పేర్చేటప్పుడు తంగేడు ఏదో గునుగు ఏదో వేళ్లతో తడిమి తెలుసుకున్నాను. షుగర్ దిగేలోపు ఈ కన్ను ఉంటుందా అన్నదొక్కటే ప్రశ్న. మళ్లీ చేయించిన పరీక్షలో షుగర్ దిగిందని కాగితం వచ్చిన రోజు మా ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, బెల్లం డబ్బా అటక మీంచి దించి మామూలు చోట పెట్టాడు. నాకు క్షమాపణ చెప్పడం ఆయనకు అంతకంటే రాదు.

దీపావళి వెళ్లాక ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పడానికి నన్ను తీసుకెళ్లి బయట కూర్చోబెట్టారు. ఉన్న ఒక్క కన్నూ కట్టు కింద ఉంది. చుట్టూ చెప్పుల చప్పుడు, పేర్లు పిలవడం, ఎవరో పసిబిడ్డ ఏడవడం. విప్పాక కూడా ఇలాగే ఉంటే? ఈ మాట పైకి అనలేదు గాని మౌనిక నా కుడి చేయి గట్టిగా పట్టుకుంది. ఆపరేషన్ కోసం నా చేతి నుంచి తీసిన వాచీని తన ఆ చేతికే కట్టుకుని ఉంది. నా వేళ్లు ఊరుకోలేదు. దాని అరచేతిలోనే ఆకు వెతుక్కుని చుట్టడం మొదలుపెట్టాయి. దాని మణికట్టు కూడా నాతోపాటు కదులుతోంది.

కాసేపటికి అది అంది, "హాస్టల్ సంది నడిసి ఈడ కూసున్నప్పుడు రెండు వేలే ఉండె అమ్మా. మిగిలినయన్ని నీయే. నీ అడుగులు నా లెక్కల వడ్తున్నయి."

నవ్వుతోందో ఏడుస్తోందో గొంతును బట్టి తెలియలేదు. అప్పుడే పేరు పిలిచారు. లోపలికి కూడా అది నా చేయి వదలకుండానే వచ్చింది.

కట్టు విప్పారు. మొదట ఒట్టి తెలుపు, దాని మీద నీళ్లు. డాక్టరమ్మ రెప్పలు తుడిచి, చేయి ఎత్తి, "నెమ్మదిగా చూడండమ్మా. ఎన్ని కనిపిస్తున్నాయి?" అంది.

నేను ఆమె వేళ్లు చూడలేదు. నా చేయి పట్టుకున్న చేతి మీద నల్ల వాచీ వెలుగుతోంది. దాని మీద చీమ తలంతేసి అంకెలు.

"రెండు వేల మూడు వందల పన్నెండు," అన్నాను.

డాక్టరమ్మ కంగారుగా మౌనిక వైపు చూసింది. మౌనిక తన మణికట్టు వైపు చూసుకుంది.